తీతువు తెచ్చిన సమన్లు

చిలకలపూడి, మచిలీపట్నం,
3-5-2025.

పెద్దలు ఇస్సాకు మావయ్య గారి సముఖానికి,

గుడివాడలో పుట్టి, బీఎస్సీ కెమిస్ట్రీ పాసై, ప్రస్తుతం బందరులో పెదనాన్న భీమశంకరం గారింట మకాం ఉంటున్న ఫణీంద్ర ఉరఫ్ బుజ్జి నమస్కరించి మనవి చేసుకునేది. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం ఆచారం. రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీరూ, సుగుణత్తయ్యా నాగాయలంకలో క్షేమంగా ఉన్నారని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. రెండిళ్లలో ఒకటైనా బాగుండాలి కదా.

మీరు ఫోను ఎత్తడం లేదు. ఎందుకో నాకు నిన్ననే తెలిసింది. మా శ్రీలక్ష్మి పెద్దమ్మ పోయిన వారం మీకు ఫోను చేసి, ఇంక మా గుమ్మం తొక్కొద్దని చెప్పిందట. అందుకని రిజిస్టర్ పోస్టులో రాస్తున్నాను. ముప్పై ఏళ్లు బందరు కోర్టు సమన్లు ఊరూరా మోసుకెళ్లి ఇంటింటికీ అందించిన మనిషి, తన పేరున వచ్చిన కవరు పుచ్చుకోకుండా తిప్పి పంపడన్న ధైర్యం.

మీకు తెలిసిన సంగతులే మళ్లీ చెప్తున్నానని విసుక్కోకండి. పూర్వాపరాలు రాయకుండా ఏ కాగితం ఇచ్చినా పెదనాన్న తిప్పి కొడతారు. కోర్టు గుమస్తా దగ్గర నెలకి పైగా ఉంటే నాకూ ఆ జబ్బు అంటింది.

ఉగాది ముందు ఆయన బాత్రూంలో జారి పడటం, తుంటి ఎముక విరగడం, విజయవాడ తీసుకెళ్లి ఆపరేషను చేయించడం మీకు తెలుసు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే చెప్పారు. వాకరు పట్టుకుని రోజూ నడిస్తే మనిషి అవుతారు, నడవకపోతే మంచం పట్టేస్తారు, అలా పట్టేస్తే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుంది, ఆ తర్వాత సంగతి నన్నడగొద్దు అని. వాళ్లకి పిల్లల్లేరు. ఎవర్ని పంపుదామా అని గుడివాడలో మా ఇంట్లో సమావేశం పెట్టారు. చర్చ ఎంతోసేపు సాగలేదు. అందరూ ఒకేసారి నా వైపు చూశారు. వాడు ఖాళీయేగా, అన్నారు మా నాన్న.

అలా వచ్చిన ఖాళీవాణ్ని. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, మాత్రలు మింగించడం, కరెంటు పోతే విసనకర్ర, వస్తే మిషన్లో బట్టలు. ఖాళీగా ఉన్నవాడికి ఇంత పనుంటుందని తెలిస్తే ఎప్పుడో ఉద్యోగంలో చేరేవాణ్ని. అద్దంలో చూసుకుంటే నేనే పెదనాన్నలా ఉన్నాను.

ఇంక అసలు సంగతి. పది రోజుల కిందట మీరు చక్కెరకేళీ గెల పట్టుకుని వచ్చారు. బస్సు దిగి వచ్చిన దుమ్ముతో పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే తీతువు పిట్ట ఒకటి ఇంటి మీద గింగిరాలు తిరుగుతూ అరిచింది. మీరు లోపలికొచ్చి నవ్వుతూ, ఏవండీ గుమస్తా గారూ, మీకు పైకోర్టు నుంచి సమన్లు వచ్చినట్టున్నాయి, పుచ్చుకోకపోతే తలుపుకి అంటించి పోతుంది సుమండీ, అన్నారు. మేమందరం నవ్వాం. పెదనాన్న కూడా నవ్వారు.

అదే ఆఖరు నవ్వు.

తీతువు అరిచిన ఇంట్లో మనిషి దక్కడని మనవాళ్లంటారు కదా. అలా అన్నవాళ్లని జీవితమంతా వెక్కిరించిన మనిషి ఈయన. ఏ సెక్షను కింద దక్కడో చెప్పండి అనేవారట. అలాంటాయన ఇప్పుడు ఒక పిట్ట సాక్ష్యం మీద తనకి తనే శిక్ష వేసుకుని పడుకున్నారు. అది పొద్దునొకసారి అరుస్తుంది, సాయంత్రమొకసారి అరుస్తుంది. విన్నావా, మళ్లీ పిలుపు, అంటారు. నడుద్దాం పెదనాన్నా అంటే, వాయిదా దగ్గరికొచ్చేశాక వ్యాయామాలెందుకురా, అంటారు. అన్నం రెండు ముద్దలు. నిన్న పెద్దమ్మని పిలిచి తెల్ల పంచె ఇస్త్రీ చేయించి పెట్టమన్నారు. వాకరు మూల నిలబడి ఉంది. దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాం. ఆపరేషను చేసిన కాలు కంటే అదే ఎక్కువ బరువు మోస్తోంది.

పెద్దమ్మ మీద కోపం పెట్టుకోకండి. ఆవిడకి కోపం మీ మీద కాదు. పిట్టకి ఫోను లేదు, మీకుంది. అంతే తేడా.

మీరు అన్న మాట మీరే వెనక్కి తీసుకోవాలి. ఒక్కసారి వచ్చి, సమన్లు అడ్రసు తప్పి ఈ ఇంటికొచ్చాయి గుమస్తా గారూ, తిప్పి పంపించేశాను అనండి. మా మాట ఆయన వినరు. సమన్ల విషయంలో మీ మాటకి తిరుగులేదని ఆయనే అంటుంటారు.

చిత్తగించవలెను.

మీ
బుజ్జి

---

చిలకలపూడి,
12-5-2025.

ఇస్సాకు మావయ్య గారికి, వంగి దండం పెట్టే ఓపిక లేక నిలబడే నమస్కరిస్తూ బుజ్జి రాసేది.

మొదటి కవరు మీరు సంతకం పెట్టి తీసుకున్నట్టు చీటీ తిరిగొచ్చింది. మనిషి రాలేదు, జవాబూ రాలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కేసు మలుపు తిరిగింది.

నాలుగు రోజుల కిందట పెద్దమ్మ నాకు ఆజ్ఞ జారీ చేసింది. దీపావళికి మిగిలిన టపాకాయలు అటక మీదున్నాయి, తీసి ఆ దిక్కుమాలిన పిట్టని సముద్రం దాకా తరిమి రా, అని. దించి చూస్తే అన్నీ చెమ్మగిల్లి ఉన్నాయి, నాలాగే. నిప్పు పెట్టినా సుయ్యిమని ఊరుకునే రకం. సరే, ఆజ్ఞ కాబట్టి కర్ర పుచ్చుకుని పెరట్లోకి వెళ్లాను.

పెరటికి పెదనాన్న పడకముందుకీ ఇప్పటికీ పోలిక లేదు. పెద్దమ్మ చేతిలో ఉన్నప్పుడు అందులో పిచ్చి గడ్డిపరక బతికేది కాదు. ఆవిడ పెదనాన్న మంచం దగ్గరికి బదిలీ అయినప్పట్నుంచి అది అటవీశాఖ పరిధిలోకి వెళ్లిపోయింది. బాత్రూం నీళ్లు పారేచోట పొన్నగంటి, గోడ వారన గలిజేరు, తులసికోట వెనక కుప్పింటాకు. దాని వేళ్ల వాసనకి వీధిలో పిల్లులన్నీ వచ్చి పొర్లి వెళ్తున్నాయి. ఉత్తరేణి నడుం ఎత్తు పెరిగింది. ఒకసారి అటు నడిస్తే గింజలన్నీ లుంగీకి పట్టేస్తాయి, వదిలించుకోవడానికి పూట పడుతుంది. ఈ మధ్యకాలంలో నన్నింత గట్టిగా పట్టుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. ప్రేమగా నాటుకున్న సన్నజాజి నీళ్లు లేక ఎండింది. ఎవరూ నాటనివీ, ఎవరూ పట్టించుకోనివీ మాత్రం ఈ ఎండలో నవనవలాడుతున్నాయి. వాటి మధ్య నిలబడితే కాస్త అసూయా వేసింది, కాస్త ధైర్యమూ వచ్చింది.

వెనక గోడ కట్టించాలని పెదనాన్న తోలించిన కంకర గుట్ట అక్కడే ఉంది కదా. ఆయన పడ్డాక పని ఆగిపోయింది. నేను దాని వైపు నాలుగడుగులు వేశానో లేదో, ఆ తీతువు ఎక్కడినుంచో దూసుకొచ్చి నా జుట్టు తగిలేంత కిందకి దిగి అరిచింది. పక్కకి తప్పుకుంటే ఊరుకుంది. మళ్లీ గుట్ట వైపు వెళ్తే మళ్లీ మీద పడింది. మెడ ముందు నల్లకోటు, పక్కన తెల్లపట్టీ, కళ్ల దగ్గర ఎర్రతోలు. కోపమొచ్చిన వకీలు అచ్చం ఇలాగే ఉంటాడు. కర్ర కింద పడేసి, వంగుని, నెమ్మదిగా చూశాను. కంకర మధ్యలో చిన్న గుంట. అందులో నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్లటి మరకలు. రాళ్లలో రాళ్లలా ఉన్నాయి. ఇంకో అడుగు వేసి ఉంటే నా చెప్పు కిందే తీర్పు అయిపోయేది.

అప్పుడు వెలిగింది నాకు. పెద్దమ్మ పొద్దున్నే నీళ్లకి, సాయంత్రం ఆరేసిన బట్టలకి పెరట్లోకి వెళ్తుంది. తీతువు అరిచేదీ ఆ రెండు వేళలే. మీరు ఆ రోజు కాళ్లు కడుక్కున్న కుళాయి ఆ గుట్టకి పక్కనే. అది మీ మీద అరిచింది మావయ్య గారూ. పెదనాన్న పేరు దానికి తెలియనే తెలియదు.

పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆయన కళ్లు తెరవకుండానే, నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా, అన్నారు. చూశానన్నాను. నువ్వు చూస్తే నీకు సాక్ష్యం, నాకు విన్నమాట, అన్నారు. ఫోనులో ఫొటో తీసుకొచ్చి చూపించాను. జిరాక్సు కాపీలు చెల్లవురా, ఒరిజినల్ దాఖలు చెయ్, అన్నారు. ఒరిజినల్ పెరట్లో ఉంది, దాన్ని మంచం దగ్గరికి తెస్తే తల్లి నా పుర్రె పగలగొడుతుంది, కావాలంటే కోర్టువారే వచ్చి చూసుకోవాలి, అన్నాను.

నేను విసిగిపోయి గోడకి చేరగిలబడ్డాను. తర్వాత, ఆ ఇనప చట్రం ఇలా లాగు, అన్నారు.

తువ్వాళ్లు తీసేసి వాకరు తెచ్చాను. గదిలోంచి పెరటి వసారా మామూలు మనిషికి మంచినీళ్ల చెంబు తెచ్చుకునేంత దూరం. మాకు గుడివాడ ప్రయాణమంత పట్టింది. పెడనలో ఆగాం, కవుతరంలో ఆగాం. పెద్దమ్మ వెనక కుర్చీ పట్టుకుని నడుస్తూ, పడిపోతారు, పడిపోతారు, అంటూనే ఉంది. పడితే నీ పిట్ట పని సులువవుతుందిలే, అన్నారాయన. చాలా రోజులకి ఆయన నోటి నుంచి వెటకారం విన్నాం. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటే అనుకుందాం.

కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తే, ఏవిరా, కంకర చూపిస్తున్నావు, అన్నారు. కళ్లద్దాలు గదిలోనే ఉండిపోయాయి, గుడ్లు ఆయన కంటికి ఆనలేదు. ఇంతలో పిట్ట వచ్చింది. గుట్ట మీదకి రాలేదు, తిన్నగా కుళాయి కింద మడుగులో దిగి, కూర్చుని లేచి, కూర్చుని లేచి, పొట్ట తడుపుకుంది. ఆ తడి పొట్టతో గుట్టెక్కి గుడ్ల మీద కూర్చుంది. రాళ్లు కాలిపోతున్నాయి కదా ఈ ఎండకి, అందుకు. కాసేపటికి లేచి మళ్లీ మడుగులోకి. మళ్లీ గుట్ట మీదకి. నేను రోజంతా తడిగుడ్డలు పట్టుకుని గదికీ బాత్రూంకీ మధ్య తిరిగినట్టే. దాని నడకలో కూడా అలుపు కనిపించింది, నిజం.

పెదనాన్న అలా చూస్తూనే ఉన్నారు. చివరికి, ఇది నా కోసం రాలేదురా, అన్నారు. మనమే దాని ఇంటి మీదకి పోయి, అది మన ఇంటి మీదకొచ్చిందని కేసు పెట్టాం, అన్నారు. తర్వాత మజ్జిగన్నం అడిగారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అది అరవగానే లేస్తున్నారు. పిల్లి వచ్చిందేమో, చూద్దాం పద, అని. కేసు కొట్టేశారు మావయ్య గారూ. ఇంక మీరు భయపడకుండా రావచ్చు.

మీ
బుజ్జి

---

చిలకలపూడి,
27-5-2025.

ఇస్సాకు మావయ్య గారికి,

బుజ్జి నమస్కారాలు. ఈసారి అందరం క్షేమం అని ధైర్యంగా రాస్తున్నాను. ఈ ఉత్తరం పెదనాన్న విని, దిద్ది, సరేనన్నాకే పోస్టులో పడుతుంది. కాబట్టి తప్పులుంటే బాధ్యత ఆయనది.

మీ కార్డు అందింది. నా నోటి దురద వల్ల శంకరం గారికి ఇంత కష్టం వచ్చింది, ఆయన మొహం చూడలేను, ఇక్కడినుంచే ప్రార్థన చేసుకుంటాను, అని రాశారు. పెదనాన్న దాన్ని రెండుసార్లు చదివించుకుని, తలగడ కింద పెట్టుకున్నారు. వాడికి ప్రార్థన చేసుకోవడానికి నాగాయలంకే కావాలా, బందరులో దేవుడు లేడా, అన్నారు.

ఇక్కడి వార్తలు. పెదనాన్న వసారా దాకా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నడుస్తున్నారు. మొన్న డాక్టరు చూసి, ఏం మందు వాడుతున్నారు అని అడిగితే, తీతువు, అన్నారు. డాక్టరు ఆ పేరు కాగితం మీద రాసుకోబోయి ఆగారు. పెరట్లో కలుపు పీకొద్దని పెద్దమ్మకి స్టే ఇచ్చారు. ఆవిడ ఆ స్టేని గౌరవిస్తూనే గలిజేరాకు కోసి పప్పులో వేస్తోంది. సాయంత్రం పూట కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చుంటే, ఎండిన జాజి పందిట్లోకి పికిలి పిట్టలు వస్తే, పెదనాన్న వాటి హాజరు వేస్తున్నారు.

పోయిన వారం గాలివానకి కొబ్బరి మట్ట ఒకటి విరిగి కంకర గుట్ట పక్కన పడింది. దేవుడి దయ వల్ల గుడ్లకేమీ కాలేదు. నాలుగూ భద్రం. తల్లి పొద్దున్నే క్రమం తప్పకుండా అరుస్తోంది. ఇవాళో రేపో పిల్లలవుతాయని పెదనాన్న అంచనా. నాకే కాస్త గొంతు బొంగురు పోయింది. పెద్దమ్మ మిరియాల పాలు కాచి ఇస్తోంది.

ఆవిడ మీతో ఒక మాట చెప్పమంది. అప్పుడు ఫోనులో అన్నది కడుపు మండి అన్న మాటట. ఇప్పుడు మండటం లేదట. సుగుణత్తయ్యని కూడా తీసుకురమ్మంది. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా వచ్చే ఏ బస్సెక్కినా మధ్యాహ్నం భోజనానికి అందుకుంటారు.

మీరు వస్తారని ఎదురుచూసే

మీ
బుజ్జి

తా.క.

పైన రాసినదంతా పెదనాన్నకి చదివి వినిపించాను. ఇక్కడినుంచి రాసేది వినిపించను.

మట్ట గుట్ట పక్కన పడలేదు. సరిగ్గా నడిమధ్యన పడింది. తెల్లారి నేను వెళ్లి లేపి చూస్తే పెంకులున్నాయి, వాటికి చీమలున్నాయి. నేను అక్కడే చతికిలబడ్డాను. అయ్యో అనుకునే ఓపిక కూడా లేకపోయింది. లోపల పెదనాన్న లేచే వేళవుతోంది. ఆ కంకరలోనే కాస్త నున్నగా ఉన్నవి నాలుగు ఏరి, మట్టి పూసి, ఆయన కోర్టు బూట్ల నల్ల పాలిషుతో మరకలు పెట్టి, ఆ గుంటలో పేర్చాను. రోల్డ్ గోల్డు చేసే చిలకలపూడిలో కాపరం ఉంటూ ఆమాత్రం నకిలీ చేయలేకపోతే ఊరికి అవమానం.

పిట్టల జంట రెండు రోజులు ఆ చుట్టుపక్కలే తిరిగింది. ఒకసారి తల్లి మడుగులో పొట్ట తడుపుకుని వచ్చి, గుట్ట దగ్గర ఆగి, అలా నిలబడి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అప్పట్నుంచి పొద్దున్నే నీళ్ల ట్యాంకు వెనక నక్కి తీతువులా అరుస్తున్నది నేనే. కెమిస్ట్రీ చదివినందుకు ఇన్నాళ్లకి దొరికిన ఉద్యోగం. గొంతు పోయింది అందుకే. తల్లి మేతకి వెళ్లింది, ఇప్పుడే వెళ్లింది, మీరు కాస్త ఆలస్యం చేశారు, అని రోజూ ఆయనకి చెప్తున్నాను. అరుపు వినపడకపోతే ఆయన లేవరేమోనని భయం. రోజూ లేచేది ఆయనైతే, రోజూ అలిసిపోయేది నేను.

ఇది మీకూ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఇందాక ఉత్తరం అంతా విని, బాగానే ఉంది పోస్టు చెయ్, అని, కళ్లద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ ఆయన ఒక మాట అన్నారు. ఆ నాలుగోది కాస్త పెద్దదిరా బుజ్జీ, ఇస్సాకు వచ్చేలోగా మార్చు, అన్నారు.

ఎప్పట్నుంచి తెలుసని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా మొహం చూసి, నువ్వు గొంతు చించుకుంటుంటే లేవకుండా ఎలా పడుకోమంటావు, అన్నారు. తర్వాత, వాడు పిచ్చివాడురా, నోరు జారినందుకు కుమిలిపోతున్నాడు, కళ్లారా గుడ్లు చూస్తే నెమ్మదిస్తాడు, కానీ ముప్పై ఏళ్లు గుమ్మాలు చూసి తిరిగిన మనిషి, వాడి కళ్లు కప్పడం మాటలు కాదు, పని శుభ్రంగా ఉండాలి, అన్నారు. అని వాకరు పుచ్చుకుని, నేను పట్టుకోకుండానే వసారాలోకి నడిచి, ఆ నాలుగు రాళ్లకేసి చూస్తూ కూర్చున్నారు.

కాబట్టి మావయ్య గారూ, మీరు తప్పకుండా రావాలి. వచ్చి, గుట్ట వైపు చూసి, నాలుగూ గుడ్లేనండీ గుమస్తా గారూ, అనాలి. ఆయన నమ్మినట్టు తలూపుతారు. నేను ట్యాంకు వెనక ఉంటాను.

నాలుగోది మార్చాను.